సీ5 కార్వెట్‌కి 160 డిగ్రీల థర్మోస్టాట్: ఎవరు కొనాలి, ఎవరు వద్దు

మాది డాలస్. ఇక్కడ ఎండాకాలం 100 ఫారెన్‌హీట్ దాటడం మామూలే. నా కారు 2002 కార్వెట్ (షెవ్రొలె స్పోర్ట్స్ కారు, సీ5 అంటే దాని ఐదో తరం), 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజిన్. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ తగినంత వేడెక్కాక కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కి వదిలే వాల్వు. కంపెనీది 186 డిగ్రీల (ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీటే) దగ్గర తెరుచుకుంటుంది. "తీసేసి 160ది వెయ్యి, ఇంజిన్ చల్లగా ఉంటుంది" అని ఈ కార్లున్న వాళ్ళలో సగం మంది చెప్తారు. తెప్పించి వేశాను.

వస్తువు నాణ్యతకి వంక పెట్టలేం. హౌసింగ్‌తో కలిపి ఒకే ముక్క, వాటర్ పంపుకి రెండు బోల్టులతో బిగుస్తుంది. బిగించే ముందు గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాను. 160 దాటగానే అంచు దగ్గర గోరంత సందు కనపడింది. లోపలి మైనం కరిగి ఉబ్బేకొద్దీ ఆ సందు పెరుగుతూ పోయి, 180 వచ్చేసరికి వాల్వు బార్లా తెరుచుకుంది. చెప్పిన చోటే తెరుచుకుంది, సంతోషం.

హైవే మీద తేడా స్పష్టం. ఇదివరకు 195 పైన ఉండే కూలెంట్ రీడింగ్ ఇప్పుడు 180 లోపే. కానీ ఏసీ ఆపేసి ట్రాఫిక్‌లో నిలబడండి, అంకె మళ్ళీ 220 దాటేస్తుంది. ఎందుకంటే ఈ కారు ఫ్యాన్లు 226కి గానీ తిరగవు, హై స్పీడ్ అందుకునేది 235కి. థర్మోస్టాట్ చేతిలో ఉన్నది ఇంజిన్ వేడి ఎంత కిందికి దిగాలన్నదే. ఎంత పైకి పోతుందో తేల్చేది రేడియేటరూ ఫ్యానులూ. కంప్యూటర్‌లో ఫ్యాన్ సెట్టింగులు మార్పించకుండా ఇది ఒక్కటే కొంటే డబ్బు సగం వృథా.

చలికాలం సంగతి నాకు ఇంకా ముఖ్యం. ఆఫీసు దూరం తక్కువైతే ఈ 160దానితో ఇంజిన్ ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. అందులో చేరిన తేమా పెట్రోలూ ఆవిరై పోవు, సిలిండర్లు అరుగుతాయి, హీటర్ గోరువెచ్చగానే వస్తుంది. ఇంజిన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ, దానివల్ల మంచి ఇంజిన్లు పాడవుతున్నాయి.

ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరం కార్ల పందేలు జరిగే చోటుకి) తరచూ వెళ్ళేవాళ్ళు, కంప్యూటర్ సెట్టింగులు మార్పించి ట్యూనింగ్ చేయించుకున్నవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోండి, వాళ్ళకిది 5కి 5. పరుగుకీ పరుగుకీ మధ్య ఇంజిన్ త్వరగా చల్లబడుతుంది, వేడెక్కిందని కంప్యూటర్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే సమయం) తగ్గించి పవర్ కోసే పరిస్థితి రాదు. రోజూ ఆఫీసుకి తిప్పే కారైతే మాత్రం నా మార్కు 2. అలాంటి కారుకి 186దే ఉంచండి, ఆ డబ్బు రేడియేటర్ ముందు పేరుకున్న చెత్త శుభ్రం చేయించడానికి పెట్టండి. ఈ కారు గాలి పీల్చేది కింది నుంచి, రోడ్డు మీద ఆకులూ కవర్లూ అన్నీ అక్కడికే చేరతాయి.