యాగన్ భాష పుస్తకం అచ్చుకు గవర్నర్‌పేట షాపు: బైండింగ్‌కి పూర్తి మార్కులు, టైప్‌సెట్టింగ్‌కి సగమే

విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి గవర్నర్‌పేట సందుల్లోకి తిరిగితే డీటీపీ, ప్రింటింగ్, బైండింగ్ అన్నీ ఒక్కచోటే చేసే షాపులు కొన్ని ఉన్నాయి. అందులో ఒకదాని గురించి ఇది. యాభై కాపీలంటే కూడా మొహం చిట్లించరు, అదే దీని గొప్ప. అక్కడ వేయించింది దక్షిణ అమెరికా కొసనున్న యాగన్ భాష మీద తెలుగులో 96 పేజీల పుస్తకం. ముందు పరిచయం, వెనక మాటల పట్టిక, మధ్యలో 1881లో అచ్చయిన యాగన్ లూకా సువార్త నుంచి కొన్ని స్కాన్ పేజీలు.

ఇక్కడ తెలుగంతా పేజ్‌మేకర్ అనే పాత పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లలోనే నడుస్తుంది. తెలుగు పేజీలు చకచకా, శుభ్రంగా వచ్చాయి. చిక్కంతా యాగన్ మాటల దగ్గరే. వాటిలో తలకిందులు చేసిన ఇంగ్లీషు 'ఈ' ఉంటుంది, అక్షరాల నెత్తిన గీతలూ టోపీలూ ఉంటాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కోడ్, ఎక్కదు. వర్డ్ ఫైలు నుంచి అతికిస్తే కొన్ని డబ్బాలుగా మారతాయి, అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి దిద్దుకోవచ్చు. టోపీ రాలిపోయి ఉత్త అక్షరం మిగిలిందే పట్టుబడదు. మొదటి ప్రూఫ్‌లో అలాంటివి చాలానే ఉన్నాయి. పైగా తిరగేసిన అక్షరాన్ని ఆపరేటర్ అచ్చుతప్పనుకుని కొన్నిచోట్ల తనే 'సరిచేశాడు'.

దీన్ని చిన్న తప్పని వదలడానికి లేదు. దక్షిణ అమెరికా కొసన, బీగిల్ చానల్ అనే జలసంధి పొడవునా పడవల మీద బతికిన వాళ్ల భాష ఇది. వేరే ఏ భాషతోనూ దీనికి చుట్టరికం తేలలేదు, కాబట్టి అనుమానమొస్తే పక్క భాషలో చూసి సరిపెట్టుకునే దారి లేదు. 1884లో తట్టు వచ్చి జనాన్ని ఊడ్చేసింది. పుట్టుకతో మాట్లాడిన ఆఖరి మనిషి క్రిస్టినా కాల్డెరోన్ 2022 ఫిబ్రవరి 16న, 93 ఏళ్ల వయసులో చిలీలో చనిపోయారు. యాగన్ కుటుంబాలు అక్కడి నవరినో దీవిలో ఇప్పటికీ ఉన్నాయి, భాషను మళ్లీ నేర్చుకుంటున్నాయి. వాళ్లకూ మనకూ ఆధారం రికార్డింగులు, పాత రాతలే. అందులో పెద్దది మిషనరీ థామస్ బ్రిడ్జెస్ కూర్చిన నిఘంటువు, సుమారు 32 వేల మాటలు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1933లో ఆస్ట్రియాలో అచ్చయింది.

మాటల పట్టిక మాత్రం యూనికోడ్ ఎక్కే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ ఫాంట్లతో చెయ్యమని ముందే చెప్పండి. అడిగితే చేస్తారు, పేజీకి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే తెలుగు వత్తులు విడిపోతాయి. యాగన్ మాటలకు ఈ గీతలూ టోపీలూ ఉన్న చారిస్ సిల్ ఫాంటు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లడం మేలు. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో (ఫైల్లోనే ఇమిడాయో) లేదో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూస్తే తెలుస్తుంది.

స్కాన్ పేజీల్లోనూ ఇదే బెడద. లూకా సువార్త ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన ధ్వని లిపిలో ఉంది, మామూలు రోమన్ అక్షరాల మధ్య వింత అక్షరాలు వస్తాయి. పాత కాగితం పసుపు పోవాలని షాపువాళ్లు నేరుగా బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేస్తారు. దాంతో సన్నగీతలు మాయం. 600 డీపీఐ గ్రేస్కేల్‌లోనే ఉంచి, ఫోటోషాప్ లెవెల్స్‌లో తెలుపు పెంచితే చాలు.

బైండింగ్‌లో వంక పెట్టడానికి లేదు. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లితో కాగితం, అట్ట 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ ల్యామినేషన్. కాగితం గ్రెయిన్ (పీచు నడిచే దిశ) పుస్తకం వీపుకు సమాంతరంగా పెట్టారు కాబట్టి వానాకాలంలోనూ పేజీలు అలలు తేలవు. అట్టకు క్రీజింగ్ (మడత గాడి) కొట్టాకే మడిచారు, అందుకే అంచున పగుళ్లు లేవు. 48 ఆకులకు వీపు నాలుగున్నర మిల్లీమీటర్ల లోపే. అంత సన్నటి వీపు మీద పేరు వేస్తే పక్కకు జరుగుతుందని వాళ్లే వద్దన్నారు, మంచి సలహా. వేడి జిగురు బైండింగ్ అయితే మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. లైబ్రరీలకు ఇచ్చే కాపీలకు కుట్టు బైండింగ్ అడగండి, పదహారేసి పేజీల ఫారాలు ఆరే కాబట్టి ఖర్చు మరీ పెరగదు.

ప్రూఫ్ తెర మీద ఒప్పుకోవద్దు, కాగితం మీదే తీయించండి. జూన్‌లో నోట్‌బుక్కులు, ముహూర్తాల రోజుల్లో శుభలేఖలు ముందుంటాయి. అప్పుడు వెళ్తే నాలుగు రోజుల పని పదికి పోతుంది.