36 వేల సంపాదనతో కౌలాలంపూర్: గిట్టుబాటైందా?

మా ఇద్దరి సంపాదన కలిపి నెలకు 36 వేలు. మా ఆయన విజయనగరంలో లేత్ మెషిన్ మీద పని చేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. ఇలాంటి ఇంట్లో ఫారిన్ ట్రిప్ అంటే చుట్టాలు నవ్వారు. 2024 దసరా సెలవుల్లో మేం నలుగురం మలేషియా వెళ్లొచ్చాం. ఖర్చు 93 వేలు దాటింది. అత్తయ్య ఊళ్లోనే ఉండిపోయి, "ఆ డబ్బుతో తులం బంగారం వచ్చేది కదే" అంది. నిజమే, అప్పటి ధరకు వచ్చేది. ఆ తర్వాత బంగారం ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. పేపర్లో ధర చూసినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ నావైపు ఒక చూపు చూస్తుంది.

అయినా వెళ్లడం గిట్టుబాటైందనే నేనంటాను. కానీ ఎవరికైనా అవుతుందని చెప్పను. అప్పు చేసి, కార్డు మీద ఈఎంఐ పెట్టి వెళ్లేవాళ్లకు అస్సలు కాదు. మాది లక్ష రూపాయల చీటీ, నెలకు 5 వేలు. చివరి నెలల్లో పాడుకున్నాం కాబట్టి 96 వేలు చేతికొచ్చింది. పోస్టాఫీసు ఆర్డీ జోలికి పోలేదు. తిరిగొచ్చాక పని పోయినా మూడు నెలలు గడిచే డబ్బు అందులో ఉంది కాబట్టే టికెట్లు బుక్ చేశాం. లేకపోతే అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసి వచ్చేవాళ్లం.

మొదట అనుకున్నది కేరళ. స్లీపర్‌లో వెళ్లి మున్నార్, అలెప్పీ చూసి, హౌస్‌బోట్‌లో ఒక రాత్రి ఉండి వస్తే నలుగురికి 55, 60 వేలు తేలింది. 2024 ఏప్రిల్‌లో ఎయిర్ ఏషియా విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం మొదలుపెట్టడంతో లెక్క మారిపోయింది. అంతకుముందే, 2023 డిసెంబర్ నుంచి, మలేషియా మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా అవసరం లేదంది. చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లి విమానం ఎక్కే బాధ లేదు, వీసా ఫీజు లేదు. నలుగురికి రానూపోనూ, ఒక 20 కిలోల బ్యాగుతో కలిపి 47 వేలయింది. దసరా కాకుండా మామూలు రోజుల్లో అయితే ఇంకా తగ్గేది, కానీ స్కూలు టీచర్‌కి మామూలు రోజుల్లో సెలవెవరిస్తారు? ఇలాంటి సర్వీసులు పెడుతుంటారు, తీసేస్తుంటారు. వీసా మినహాయింపు కూడా గడువు పొడిగిస్తూ వస్తున్నదే. వెళ్లాలనుకునేవాళ్లు ఈ రెండూ ముందు చూసుకోవాలి.

ఊళ్లో ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగితే నలుగురికి లక్షా 70 వేలన్నారు. అందులో జెంటింగ్ కొండ మీద థీమ్ పార్కు, లంకావి దీవి, రోజూ ఇండియన్ డిన్నర్. పైగా విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే వసూలు చేస్తారు. రిటర్న్ వేస్తే తిరిగొస్తుందన్నారు. మాలాగా పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లు రిటర్న్ ఎప్పుడు వేశారు గనక! ఆ డబ్బు కోసం ఆడిటర్ దగ్గరికి వెళ్లాలి, ఆయనకు ఫీజివ్వాలి. విడిగా టికెట్లు, విడిగా గది బుక్ చేసుకుంటే ఆ గొడవే లేదు.

పాస్‌పోర్టులు మాకు లేవు. పెద్దలకు 1,500, పిల్లలకు 1,000 చొప్పున మొత్తం 5 వేలు. పెద్దలది పదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఆ ఖర్చంతా ఈ ఒక్క ప్రయాణం మీదే వేయలేం, పిల్లలది మాత్రం ఐదేళ్లే. టెన్షన్ పెట్టింది ఇంకొకటి. మా ఆయన తొమ్మిదో తరగతితో ఆపేశారు, అందుకని ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్ అని వచ్చింది. పదో తరగతి పాసవనివాళ్లు కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ ఉండాలి, ఆ దేశాల్లో మలేషియా ఒకటి. చుట్టాల్లో ఒకాయన "ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేస్తారు" అని భయపెట్టాడు. ఈ నిబంధన ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే. చుట్టపుచూపుగానో చూడ్డానికో వెళ్లేవాళ్లకు వర్తించదు. విశాఖలో ఆయన్ని నాలుగు ప్రశ్నలు ఎక్కువడిగారు, తిరుగు టికెట్, గది బుకింగ్, పిల్లల పాస్‌పోర్టులు చూశారు, పంపించేశారు. ఆ కాగితాలు ఫోన్‌లో ఉన్నా సరే, ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోవడం మంచిది. మలేషియాకు వెళ్లే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు ఉంటుంది, అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైట్ కనబడితే అది అసలుది కాదు.

విమానం తెల్లవారకముందే దించేసింది, గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. చవక టికెట్‌తో వచ్చే తిప్పలు ఇవి. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి దాదాపు 60 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలైతే పెద్దలకు మనిషికి 55 రింగిట్లు, అప్పటి లెక్కన రింగిట్ 20 రూపాయలకు కొంచెం అటూఇటూ కాబట్టి 1,100. బస్సులో ఆ నాలుగో వంతుకే కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కు చేరాం. గంట పట్టింది. మాకు గంటకు తొందరేముంది? అక్కడ లాకర్‌లో బ్యాగులు పడేసి, మొహాలు కడుక్కుని, పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌కు నడిచాం. లిటిల్ ఇండియా అనేది దాన్నే. పూలదండల కొట్లు, అరటాకు భోజనాలు, తమిళ పాటలు. పిల్లలు "ఇది ఫారినా?" అని నీరసపడ్డారు.

బసకు ఒక గది, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మొత్తం 14,500, పైన విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్. రైస్ కుక్కర్, వాషింగ్ మెషిన్ ఉన్నాయి. కందిపొడి, పచ్చడి తీసుకెళ్లాం, సూపర్ మార్కెట్‌లో పెరుగు, గుడ్లు కొన్నాం. రాత్రి భోజనం గదిలోనే కావడంతో మొత్తం తిండి ఖర్చు 9 వేలతో సరిపోయింది. పైఅంతస్తులో ఈతకొలను ఉంది, దాన్ని చూశాక పిల్లల నీరసం పోయింది. సాయంత్రాలు వాళ్లను అందులోంచి బయటికి లాగడమే పనైంది. టికెట్ పెట్టి చూపించినవేవీ దాని దరిదాపుల్లోకి రాలేదు. కానీ అపార్ట్‌మెంట్‌కు రిసెప్షన్ ఉండదు. తాళం డబ్బాలో ఉంటుంది, మాట్లాడాలంటే వాట్సాపే. వచ్చాక 200 రింగిట్ల డిపాజిట్ అడిగారు, బుకింగ్‌లో ఆ ముక్కే లేదు. వెళ్లేటప్పుడు సోఫా మీద మరక ఉందని 50 పట్టుకున్నారు. ఆ మరక మేం వెళ్లేసరికే ఉంది. గదిలో అడుగుపెట్టగానే నాలుగు మూలలా వీడియో తీసిపెట్టుకుంటే వాదించడానికి వీలుంటుంది. వంట చేసుకోనివాళ్లకు బ్రిక్‌ఫీల్డ్స్ వైపు చిన్న హోటళ్లే మేలు, మనిషి ఎదురుగా ఉంటాడు. ఊరి నడిబొడ్డున షాపింగ్ మాళ్లుండే బుకిట్ బింతాంగ్ వైపు గదుల ధరలు మా తాహతుకు మించినవి.

తక్కువ డబ్బున్నవాళ్లకు ఏ ఊరు సరిపోతుందో తేల్చుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను: ఆ ఊళ్లో బాగున్నవి ఊరికే చూడనిస్తారా? కౌలాలంపూర్ అందులో నెగ్గింది. బతు గుహల దగ్గర బంగారు రంగులో నిలబడ్డ మురుగన్ విగ్రహం 42.7 మీటర్లు, 2006లో ఆవిష్కరించింది. వెనక 272 మెట్లు, ఒక్కో వరసా ఒక్కో రంగు. పై గుహలోని గుడికి టికెట్ లేదు, కింద ఉన్న వాటిలో కొన్నింటికి ఉంది. కేఎల్ సెంట్రల్ నుంచి కమ్యూటర్ రైల్లో మనిషికి 60 రూపాయల్లోపే అయింది. ఎండెక్కకముందే వెళ్లాలి, చేతిలో తినేదేదీ ఉండకూడదు. కోతులు మన సింహాచలం కోతులకేం తీసిపోవు, మా చిన్నాడి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ మూడో మెట్టు మీదే పోయింది.

ఆ రైల్లోనే ఒక పెద్దావిడ మా మాటలు విని తెలుగులో పలకరించింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల పనికి వెళ్లిన కుటుంబమట. పెరాక్‌లోని బగాన్ దాతుక్ వైపు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని, మలేషియా తెలుగు సంఘం 1955 నుంచీ ఉందని చెప్పింది. వాళ్ల తాతది బొబ్బిలి దగ్గరి ఊరట, ఊరి పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. దిగేముందు మా అమ్మాయి చేతిలో ఐదు రింగిట్లు పెట్టింది.

పెట్రోనాస్ జంట టవర్లు, 452 మీటర్లు, 88 అంతస్తులు. పైకి ఎక్కి చూడాలంటే అప్పట్లో విదేశీ పెద్దలకు మనిషికి దాదాపు రెండు వేలు. మేం ఎక్కలేదు. టవర్ పైనుంచి చూస్తే టవర్ కనబడదు కదా! కింద కేఎల్‌సీసీ పార్కులో పిల్లలు నీళ్లలో ఆడుకునే కొలను ఉంది, ఉచితం. చీకటి పడ్డాక ఫౌంటెన్లకు రంగుల లైట్లు వేస్తారు, అదీ ఉచితం. మెర్డెకా స్క్వేర్, జాతీయ మసీదు కూడా డబ్బుల్లేకుండానే. మసీదులో మీద కప్పుకోవడానికి అంగీలు వాళ్లే ఇస్తారు.

మా ఆయనకు నచ్చింది ఇవేవీ కావు. కేఎల్ సెంట్రల్ నుంచి కేఎల్‌సీసీ మీదుగా వెళ్లే ఎల్ఆర్‌టీ (మన మెట్రో లాంటిది) లైన్‌లో రైలుకు డ్రైవర్ ఉండడు. ముందు అద్దం దగ్గర నిలబడితే పట్టాలు మన కాళ్ల కిందికే వస్తున్నట్టుంటుంది. పద్దెనిమిదేళ్లుగా యంత్రం ముందు నిలబడి పనిచేసే మనిషి, ఆ అద్దం దగ్గర పిల్లలకు చోటివ్వకుండా చివరి స్టేషన్ దాకా నిలబడ్డాడు. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. బ్రేకు ఎలా పడుతుందో, తలుపులు ఎలా తెరుచుకుంటాయో మాకు వివరిస్తూనే ఉన్నారు. మా ఇద్దరి టికెట్లకు అయింది వంద, నూట యాభై రూపాయలు.

బయటి తిండిలో రోటీ చనాయ్ చవక, మన పరోటా లాంటిది, పప్పు పులుసుతో ఇస్తారు. 40, 50 రూపాయలకు ఒకటి. ఇడ్లీ, దోసె మాత్రం మన ఊరి ధరలతో పోల్చుకుంటే గొంతు దిగవు. అక్టోబర్‌లో మధ్యాహ్నాలు కుండపోత వాన. గొడుగులు తీసుకెళ్లినా బయట తిరగలేం, ఆ వేళ గదిలో నిద్రపోయేలా పెట్టుకోవాలి. మలేషియా ప్లగ్గులు మూడు పలక కాళ్లవి, ఛార్జర్ అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

చిన్నాడికి ఒకరోజు జ్వరం వచ్చింది. మా బస దగ్గరి క్లినిక్‌లో డాక్టర్ ఫీజు, మందులు కలిపి 80 రింగిట్లు, అంటే 1,600. నలుగురికీ 1,800 పెట్టి ఇన్సూరెన్స్ తీసుకున్నాం. అంత చిన్న బిల్లు వాళ్ల లెక్కలోకే రాదట, కొంత మొత్తం దాటాకే ఇస్తారట. అయినా మళ్లీ వెళ్తే మళ్లీ తీసుకుంటాను. అక్కడ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే మా ఆర్డీ ఒక్క రాత్రికి చాలదు.

అదే దసరాకు మా మరిది కుటుంబం నేపాల్ వెళ్లింది. హౌరా వరకు ఒక రైలు, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటి జీపులో ఖాట్మండు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. పెద్దలకు ఓటరు కార్డు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఆధార్ సరిపోయింది. 65 ఏళ్లలోపు పెద్దలకు ఆధార్ చెల్లదు, ఇది తెలియక సరిహద్దు దగ్గర ఇబ్బంది పడేవాళ్లున్నారట. మన వంద రూపాయలకు అక్కడ 160, ఆ రేటు మారదు. పశుపతినాథుడు, స్వయంభూనాథ్, బౌద్ధనాథ్, పోఖరా సరస్సు చూశారు. టికెట్ ఉన్నచోట కూడా మనతో సహా సార్క్ దేశాలవాళ్లకు తక్కువే. నలుగురికి 48 వేలయింది, మాకైన దానిలో సగం. కానీ సెలవుల్లో సగం రైళ్లలో, ఘాట్ రోడ్లలో పోయింది. ఖాట్మండు నుంచి పోఖరా 200 కిలోమీటర్లే అయినా రోడ్డు పనుల వల్ల రోజంతా పట్టిందట. మా తోటికోడలు తిరిగొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. గుడులు, కొండలు ఇష్టమై, ఓపిక ఉన్నవాళ్లకు నేపాలే ఎక్కువ ఇస్తుంది. పిల్లలు చిన్నవాళ్లు, సెలవు తక్కువ అనుకుంటే అటు వద్దు.

ఇప్పుడు మా వదిన సింగపూర్ వెళ్లాలంటోంది, వాళ్ల అత్తగారిని కూడా తీసుకుని. వాళ్లదీ చీటీ డబ్బే. సింగపూర్‌కు వీసా కావాలి, రాకపోయినా ఫీజు వెనక్కి రాదు, గది అద్దెలు కౌలాలంపూర్‌కు రెండింతలైనా ఉంటాయి. ఆ పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి మెట్లెక్కే బతు గుహలూ కుదరవు. గోరఖ్‌పూర్ దాకా ఏసీ బోగీలో వెళ్లి, సునౌలీ దగ్గర నేపాల్ సరిహద్దు దాటితే బుద్ధుడు పుట్టిన లుంబినీ దగ్గరే, నేల చదునుగా ఉంటుంది, నిదానంగా తిరగొచ్చు అన్నాను. సింగపూర్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇంట్లో అందరి ఓటరు కార్డులూ ఎక్కడున్నాయో వెతికి చూడమన్నాను.