క్రియేటివ్ బిజినెస్ కోచింగ్‌కి డబ్బు కడుతున్నారా? ముందు రీఫండ్ షరతులు తెరిచి చూడండి

బొమ్మలు వేసేవాళ్లు, డిజైన్లు చేసేవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు, చేత్తో చేసినవి అమ్ముకునేవాళ్లు, మీరెవరైనా సరే, "మీ కళనే సంపదగా మార్చుకోండి" అనే కోచింగ్ ప్రోగ్రామ్‌కి డబ్బు కట్టబోతుంటే కాస్త ఆగి ఇది చదవండి. నేను కట్టాను. చెప్పింది నేర్పలేదు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరూ లోగో మార్చి ఇదే సరుకు అమ్ముతున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను.

నేను ఇలస్ట్రేటర్‌ని. క్లయింట్ అడిగింది వేసి పెట్టడం, బిల్లు పంపడం, ఆ డబ్బు ఎప్పుడొస్తుందా అని చూడడం. సొంత డిజైన్లు అమ్ముకుంటూ, పని లేని నెలలో కూడా ఎంతో కొంత వచ్చేలా చేసుకోవాలని ఈ లైన్‌లో ఉన్న అందరికీ ఉంటుంది. ఈ ప్రోగ్రామ్ వల వేసేది సరిగ్గా అక్కడే.

మొదట ఫ్రీ వెబినార్. అందులో సగానికి పైగా ఆ మెంటర్ గారి కథే. ఉద్యోగం వదిలేయడం, చేతిలో పైసా లేకపోవడం, ఆ తర్వాత "సిస్టమ్" దొరకడం. చివర్లో పేమెంట్ డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ ఒకటి చూపిస్తారు. పెద్ద అంకె, దాని కింద పైకి ఎగబాకుతున్న గీత. ఆ అంకె పక్కన సన్నటి అక్షరాల్లో "గ్రాస్" అని ఉంటుంది. అంటే కొన్నవాళ్లు కట్టిన మొత్తం. యాడ్స్ ఖర్చు, రీఫండ్లు, కోర్సు అమ్మిపెట్టిన వాళ్ల కమీషన్, స్టాఫ్ జీతాలు, పన్ను, ఇవేవీ తీసేయని అంకె అది. ఇలాంటి కోర్సుల్లో అమ్మిపెట్టిన వాళ్ల కమీషన్ ఒక్కటే కొన్నిచోట్ల సగం దాకా ఉంటుంది. ఖర్చులన్నీ పోగా ఆయనకు ఎంత మిగిలిందని ఒకరు చాట్‌లో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, కాసేపటికి చాట్ మూసేశారు.

స్క్రీన్‌షాట్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మన పనిలో అమ్మకానికీ చేతికొచ్చే డబ్బుకీ మధ్య తేడా చాలా ఉంటుంది. యూట్యూబ్‌లో మామూలు వీడియో మీద యాడ్ ఆదాయంలో క్రియేటర్‌కి వచ్చేది 55 శాతం, షార్ట్స్‌కి కేటాయించిన ఆదాయంలో 45 శాతం. అది కూడా పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లోకి తీసుకున్నాకే. మామూలు వీడియోల దారిలో యాడ్ ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. చేత్తో చేసినవి అమ్ముకునే ఆన్‌లైన్ మార్కెట్ ఎట్సీలో ట్రాన్సాక్షన్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5 నుంచి 6.5 శాతానికి పెరిగింది. లిస్టింగ్ ఫీజు, పేమెంట్ ఫీజు దీనికి అదనం. ముడిసరుకు, ప్యాకింగ్, పాడై తిరిగొచ్చినవి అన్నీ తీసేశాకే లాభం మాట. క్రియేటివ్ వ్యాపారం నేర్పుతామన్నవాళ్లు మొదటి క్లాసులోనే చెప్పాల్సిన లెక్క ఇది. మా కోర్సులో అన్నింటికన్నా పొడవైన మాడ్యూల్ "మైండ్‌సెట్" మీద. ధరల గురించి చెప్పిందల్లా "మీ విలువ తెలుసుకోండి, రేటు రెట్టింపు చేయండి" అని. రెట్టింపు చేస్తే ఉన్న క్లయింట్ వెళ్లిపోతే ఏం చేయాలన్నది వర్క్‌షీట్‌లో లేదు.

లైసెన్సింగ్ మాడ్యూల్ కోసమే నేను చేరింది అనుకోండి. డిజైన్ ఒకసారి అమ్మేయడమా, వాడుకునే హక్కు మాత్రం కొంతకాలానికి ఇవ్వడమా, ఒక్కరికే ఇవ్వాలా నలుగురికీ ఇవ్వొచ్చా, రాయల్టీ (అమ్మిన ప్రతిదాని మీద మనకొచ్చే వాటా) శాతాన్ని రిటైల్ ధర మీద లెక్కకట్టాలా హోల్‌సేల్ ధర మీదా? షాపులో ధర హోల్‌సేల్‌కి రెట్టింపైతే, అదే 5 శాతం హోల్‌సేల్ మీద సగమైపోతుంది. ఇలస్ట్రేటర్ సంపాదన నిలబడేది ఇలాంటి వివరాల మీదే. ఆ మాడ్యూల్‌లో నాకు దొరికింది పన్నెండు స్లైడ్లు, ఒక ఈమెయిల్ టెంప్లేట్. టెంప్లేట్‌లో రాయల్టీ అన్న మాట కూడా లేదు.

ఇక రీఫండ్ సంగతి. ఇది నిదానంగా చదవండి.

అమ్మకం పేజీ మీద పెద్ద పచ్చ ముద్ర: "30 రోజుల్లో డబ్బు వాపస్, ఒక్క ప్రశ్న కూడా అడగం." పేజీ అడుగున, కాపీరైట్ లైన్ పక్కన, "షరతులు" అని ఒక లింక్ ఉంటుంది. దాన్ని తెరిస్తే ఉన్నది ఇది. రీఫండ్ అడగాలంటే మొత్తం ఎనిమిది మాడ్యూళ్లూ పూర్తి చేసి ఉండాలి, ప్రతి వర్క్‌షీటూ పంపి ఉండాలి, లైవ్ కాల్స్ అన్నింటికీ హాజరై ఉండాలి, నేర్పినదాన్ని అమలు చేసినట్టు ఆధారం చూపించాలి. సరే, కష్టపడి చేద్దామనుకున్నా, మాడ్యూళ్లు వారానికి ఒకటి చొప్పునే తెరుచుకుంటాయి. 30 రోజులు ముగిసేసరికి తెరుచుకునేవి ఐదు. మిగతా మూడు మన లాగిన్‌లో తాళం బొమ్మతో కనిపిస్తుంటాయి. అంటే ఆ గ్యారంటీని ఎంత బుద్ధిమంతుడైన స్టూడెంట్ కూడా వాడుకోలేడు. అరచేతిలో వైకుంఠం అంటే ఇదే.

గడువు లోపలే రాతపూర్వకంగా అడిగాను. వచ్చిన జవాబు "డియర్ క్రియేటర్, ఎదుగుదలకు ముందు ఇలాంటి భయం సహజం" అని మొదలైంది. తాళం వేసి ఉన్న మాడ్యూళ్లను ఎలా పూర్తి చేయాలని తిరిగి అడిగితే, "మీ కమిట్‌మెంట్ గురించి మాట్లాడుకుందాం" అంటూ ఒక కాల్ లింక్ పంపారు. ఆ కాల్‌లో ఉన్నది సపోర్ట్ మనిషి కాదు, సేల్స్ మనిషి. ఇంతకు కొన్ని రెట్లు ఖరీదైన "మాస్టర్‌మైండ్"లో చేరితే నా సమస్య తీరుతుందట. డబ్బు లేదంటే క్రెడిట్ కార్డు లిమిట్ ఎంతని అడిగాడు. రీఫండ్ అడగడానికి వచ్చిన మనిషికి అప్పు చేసి ఇంకా పెద్ద ప్యాకేజీ కొనమని చెప్పడం, ఆ ధైర్యానికి మాత్రం దండం పెట్టాలి.

అదే షరతుల్లో ఇంకో వాక్యం ఉంది, కళాకారులు ముఖ్యంగా చూడాల్సినది. అసైన్‌మెంట్‌గా మనం అప్‌లోడ్ చేసే ప్రతిదాన్నీ సంస్థ ఎప్పటికీ, ఉచితంగా, మార్పులు చేసి మరీ వాడుకోవచ్చు. 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాల్లో మన బొమ్మ మీద కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకుండానే మనకు వస్తుంది. కానీ వాడుకునే హక్కును ఒక టిక్ కొట్టి మనమే ఇచ్చేయొచ్చు. మా బ్యాచ్‌లో ఒకావిడ వర్క్‌షీట్ కోసం వేసిన ప్యాటర్న్ తర్వాత వాళ్ల యాడ్‌లో "మా స్టూడెంట్ సక్సెస్" కింద కనిపించింది. అప్పటికి ఆవిడ ఆ డిజైన్ ఒక్కటి కూడా అమ్మలేదు.

సక్సెస్ కథల గురించి ఇంకోమాట. అమ్మకం పేజీలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ వెతికి చూశాను. వాటర్‌కలర్ ఆర్టిస్ట్ ఇప్పుడు వాటర్‌కలర్ ఆర్టిస్టులకు కోచ్. ఫొటోగ్రాఫర్ ఇప్పుడు ఫొటోగ్రాఫర్లకు కోచ్. వాళ్ల సంపాదన నిజమే కావచ్చు, కానీ అది బొమ్మలు అమ్మితే వచ్చింది కాదు, కోర్సులు అమ్మితే వచ్చింది. కోచింగ్ చెప్పడమే మీకు ఇష్టమైతే అది వేరే సంగతి. బొమ్మలు అమ్మి బతకాలనుకునేవాళ్లకు ఇక్కడ చూపించడానికి ఒక్క మనిషి కూడా లేడు.

కట్టేముందు చూసుకోవడం పెద్ద పనేం కాదు. "ఆఫర్ ఇంకా 14 నిమిషాలే" అని తిరిగే గడియారాన్ని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి, మా దాంట్లో అయితే మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో అదే పేజీ పాత రూపాలు దొరికితే, "ఈ ఒక్కసారే" అన్న ధర ఎన్నాళ్లుగా నడుస్తోందో బయటపడుతుంది. టెస్టిమోనియల్ ఫొటోల మీద ఇమేజ్ సెర్చ్ కొట్టండి. మీ స్టూడెంట్లను ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు ఎంత వస్తోందని మెయిల్‌లో అడగండి. సగటు చెప్తే ఒప్పుకోకండి, ఒక్కరు బాగా సంపాదిస్తే సగటు ఎగిరి కూర్చుంటుంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2021 అక్టోబర్‌లో 1,100కి పైగా సంస్థలకు, ఆదాయం గురించి మోసపూరితమైన మాటలు చెప్తే జరిమానా తప్పదని నోటీసులు పంపింది. అక్కడ ఆధారం లేకుండా అంకెలు చెప్పకూడదు. మీరు ఎక్కడున్నా ఆధారం అడగొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోలుకి 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కు ఉంది, కానీ డిజిటల్ కంటెంట్ విషయంలో "వెంటనే మొదలుపెట్టండి, హక్కు వదులుకుంటున్నాను" అన్న పెట్టెలో టిక్ కొడితే అది పోతుంది. పేమెంట్ పేజీలో ఆ పెట్టె కనిపిస్తే చదవకుండా టిక్ కొట్టకండి.

కోర్సులన్నీ ఇంతేనని నేను అనడం లేదు. బుక్‌బైండింగ్ చేసి బతికే ఒకాయన దగ్గర చిన్న క్లాసు చేశాను, తన బిల్లులు, తను నష్టపోయిన ఆర్డర్లు కూడా తెరిచి చూపించారు. నాకు పనికొచ్చింది ఆ క్లాసే.

ఇప్పటికే కట్టేసి ఉంటే అమ్మకం పేజీ, షరతులు, తాళం వేసిన మాడ్యూళ్లు, వాళ్ల జవాబులు అన్నీ తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఈరోజు ఉన్న పేజీ రేపు ఉండకపోవచ్చు. రీఫండ్ మెయిల్‌లోనే అడగండి, ఫోన్ కాల్‌కి ఒప్పుకోకండి. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు, వేయొచ్చు. చెప్పింది ఇవ్వలేదన్న కారణానికి కార్డు నెట్‌వర్కుల్లో గడువు చాలావరకు 120 రోజుల దగ్గర ఉంటుంది, అందుకే వాళ్ల "ఆలోచించి చెప్తాం" మెయిళ్ల కోసం ఆగకండి. వాయిదాల్లో కడుతుంటే మిగతా వాయిదాల అనుమతి బ్యాంకు వైపు నుంచి ఆపించండి. అప్‌లోడ్ చేసిన డిజైన్లు తీసేసి, ఇకపై వాడుకోవడానికి మీకు సమ్మతి లేదని రాసి పంపండి. ఆ షరతు ముందు అది ఎంతవరకు నిలుస్తుందో ఒక లాయర్‌ని అడగాలి, కానీ కాగితం మీద ఉండడం అవసరం.

నా డిస్ప్యూట్ ఇంకా బ్యాంకు దగ్గరే ఉంది. గెలుస్తానో లేదో తెలియదు. వారానికొకటి తెరుచుకునే మాడ్యూళ్ల క్యాలెండర్‌నే ప్రధాన ఆధారంగా పెట్టాను. మీలో ఎవరైనా ఇలాంటి గ్యారంటీ మీద డబ్బు వెనక్కి తెచ్చుకుని ఉంటే, ఏ కాగితం చూపిస్తే ఒప్పుకున్నారో చెప్పండి.