ఓల్డువాయ్‌కా, ఎయాసీకా? టాంజానియా సఫారీలో ఒక్క రోజు మిగిలితే ఎటు వెళ్లాలి

టాంజానియా ఉత్తరం వైపు సఫారీకి ఎవరు వెళ్లినా దారి దాదాపు ఒకటే. అరూషాలో బయలుదేరి తరంగీరే, ఎన్‌గోరోంగోరో బిలం, సెరెంగెటి చూసుకుని మళ్లీ అరూషా చేరతారు. జంతువుల కోసం రోజులన్నీ పక్కాగా లెక్కేసుకుంటారు. ప్యాకేజీ కాగితం అడుగున మాత్రం ‘కల్చరల్ విజిట్’ అని ఒక లైను ఉంటుంది, ఏదో ఒకటి ఎంచుకోమని. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ లైనును మేం అసలు పట్టించుకోలేదు. బుక్ చేసిన సంస్థ ఏది పెడితే అదే చూసి వచ్చాం, వచ్చాక బాధపడ్డాం. రెండోసారి అమ్మను తీసుకెళ్లాం. ఈసారి ముందే కూర్చుని ఏది ఎందుకు చూడాలో తేల్చుకుని వెళ్లాం. రెండు ప్రయాణాల్లో చూసినవి పక్కపక్కన పెట్టి, ఏది మేలో నాకు తోచింది చెబుతాను.

ముందు ఓల్డువాయ్ సంగతి. తొలి మనుషుల ఎముకలు, రాతి పనిముట్లు దొరికిన లోయ ఇది. దీనికోసం వేరే రోజు కూడా అక్కర్లేదు. ఎన్‌గోరోంగోరో నుంచి సెరెంగెటికి వెళ్లే మట్టిరోడ్డు పక్కనే, ఒక మలుపు దగ్గర దిమ్మె మీద రెండు భారీ పుర్రెల శిల్పాలు కనిపిస్తాయి. అక్కడ తిరిగి కాసేపు లోపలికి వెళ్తే మ్యూజియం వస్తుంది. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని మొదటిసారి ఎందుకు చూడలేకపోయామంటే, ఎన్‌గోరోంగోరో సంరక్షణ ప్రాంతం పర్మిట్ 24 గంటలకే చెల్లుతుంది. గేటు దాటినప్పటి నుంచే లెక్క మొదలవుతుంది. గడువు దాటితే మళ్లీ డబ్బు కట్టాలి. మేం ముందురోజు పొద్దున్నే గేటు దాటాం, మర్నాడు లాడ్జ్‌లో ఆలస్యంగా లేచాం. ఇక డ్రైవర్‌కు ఒకటే టెన్షన్. ఆ పుర్రెల్ని కిటికీలోంచి చూస్తూనే ముందుకు వెళ్లిపోయాం. అందుకే ఓల్డువాయ్ చూడాలనుకుంటే ఆ మాట బుక్ చేసేటప్పుడే చెప్పి, రెండు గంటలు విడిగా పెట్టించుకోండి. దాని టికెట్ కూడా వేరే.

పైనుంచి చూస్తే ఓల్డువాయ్ ఎండిపోయిన గండిలా ఉంటుంది. దాదాపు 48 కిలోమీటర్ల పొడవు, 90 మీటర్ల లోతు. కలబందలా కనిపించే ఒక నారమొక్క అక్కడ విరివిగా మొలుస్తుంది. దాన్ని ఇక్కడ పశువులు మేపుకుని బతికే మాసాయిలు ఓల్డుపాయ్ అంటారు. తెల్లవాళ్లు సరిగా వినక ఓల్డువాయ్ అని రాసుకున్నారు. మ్యూజియం అరుగు మీద నిలబడితే ఎదురుగా లోయ మధ్యలో ఒక ఎర్రటి గుట్ట విడిగా నిలబడి ఉంటుంది. అడుగున నల్లటి లావా రాయి, దాని మీద బూడిదరంగు పొరలు, ఆ పైన ఎరుపు. ఒక్కో పొర ఒక్కో కాలం. చుట్టుపక్కల అగ్నిపర్వతాలు బూడిద కక్కినప్పుడల్లా ఒక పొర పడింది. ఆ బూడిదలో ఉండే ఖనిజాలను బట్టే పొర వయసు తేలుస్తారు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో కూడా దాదాపు 74,000 ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. జ్వాలాపురం గురించి చదివినవాళ్లకు ఓల్డువాయ్‌లో గైడ్ చెప్పే మాటలు ఇట్టే అర్థమవుతాయి.

1959 జులై 17న పురావస్తు శాస్త్రజ్ఞురాలు మేరీ లీకీ ఈ లోయలో నడుస్తూ నేలలోంచి పైకి తేలిన ఎముక ముక్కను చూసింది. భర్త లూయీ ఆ రోజు జ్వరంతో డేరాలోనే ఉన్నాడు. ఆమె కళ్లకు ముందు పడింది పుర్రె చెక్క, పెద్ద పెద్ద దంతాలు. మట్టి జల్లెడపట్టి ఏరిన వందల ముక్కలు అతికిస్తే, మనిషికి చుట్టమైన ఒక ప్రాచీన జీవి పుర్రె తయారైంది. దానికి జింజాంత్రోపస్ అని పేరు పెట్టారు. పుర్రె వయసు ఆరు లక్షల ఏళ్లు ఉంటుందేమో అని లూయీ మొదట అంచనా వేశాడు. 1961లో బూడిద పొరను పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో పరీక్షిస్తే 17.5 లక్షల ఏళ్లని తేలింది. మనిషి కథ ఒక్కసారిగా మూడింతలు పాతదైపోయింది! 1964లో ఇదే లోయలో దొరికిన మరికొన్ని ఎముకలకు హోమో హబిలిస్ అని పేరు పెట్టారు, అంటే ‘పనిమంతుడు’. గులకరాయిని ఇంకో రాయితో కొట్టి అంచు తీసిన పనిముట్లు ఈ రకంవి ఎక్కడ దొరికినా ఈ లోయ పేరు మీదే ఓల్డోవాన్ అంటారు.

ఇంతా చేసి అసలు జింజాంత్రోపస్ పుర్రె ఇక్కడ ఉండదు, దార్ ఎస్ సలామ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ చూసేది నకలే. అసలుది లేకపోతే ఇంత దూరం వచ్చి ఏం లాభం అని కొందరు అంటారు. మ్యూజియంలో లేటోలి పాదముద్రల అచ్చు ముందు నిలబడితే ఆ మాట అనలేరు. లేటోలి ఇక్కడికి దక్షిణంగా 45 కిలోమీటర్లు. 36 లక్షల 60 వేల ఏళ్ల కిందట, బూడిద రాలి, దానిమీద చినుకులు పడి, నేల తడి సిమెంటులా ఉన్నప్పుడు కొందరు దానిమీద నడిచి వెళ్లారు. మేరీ లీకీ బృందం 1978లో బయటపెట్టిన ఆ బాట 27 మీటర్లు. అసలు ముద్రలు పాడవకుండా మళ్లీ మట్టి కప్పేశారు. అచ్చులో చినుకుల గుంటలు, మడమ దిగిన లోతు, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే నిటారుగా ఉండటం కనిపిస్తాయి. కోతికైతే బొటనవేలు పక్కకు చాచి ఉంటుంది. ఒక వరుస పాదాలు పెద్దవి, పక్క వరుసవి చిన్నవి. అమ్మ వంగి చాలాసేపు చూసి, “పక్కన నడిచింది పిల్లదేనేమోరా, అడుగుకు అడుగు కలుపుతోంది” అంది. పిల్లదో, చిన్న ఒడ్డు పొడుగున్న పెద్దదో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అమ్మ మాత్రం ఆ పక్క నుంచి కదలడానికి ఇష్టపడలేదు.

సమయం ఉంటే లోయ దగ్గర్లోనే ‘నడిచే ఇసుక’ కూడా చూడండి. నెలవంక ఆకారంలో నల్లటి బూడిద దిబ్బ, గాలికి ఏడాదికి సుమారు 17 మీటర్లు జరుగుతుంది. మాసాయిలకు అది పవిత్రం, పైకి ఎక్కకండి.

ఇక ఎయాసీ. ఇదొక సరస్సు, దాని పరిసరాల్లో ఉండేవాళ్లు హాడ్జాబేలు, అంటే హాడ్జాలు. వాళ్లను చూడాలంటే కరాటు నుంచి గతుకుల దారిలో మంగోలా వైపు దిగాలి. చీకటితోనే బయలుదేరాలి, లేదా ముందురోజు రాత్రి సరస్సు దగ్గరే పడుకోవాలి. హాడ్జాలు మొత్తం వెయ్యి పైచిలుకు మంది. వేట, దుంపలు, పళ్లు, తేనె మీదే బతికేవాళ్లు అందులో కొన్ని వందల మందే. నాలుకతో టక్కున చప్పుడు చేస్తూ పలికే శబ్దాలు వాళ్ల భాషలో ఉంటాయి. ఆ భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం తేలలేదు. తెల్లవారుజామున మగవాళ్లు విల్లంబులతో బయలుదేరతారు, మనం వెనకే పరుగులాంటి నడక నడవాలి. పిట్ట కావచ్చు, చిన్న జింక కావచ్చు, కోతి కావచ్చు, దొరికితే మన కళ్ల ముందే చంపి కాలుస్తారు. శాకాహారులూ, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లూ ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఎయాసీలో నన్ను ఆపేసింది మాత్రం వేట కాదు, తేనె. ‘హనీగైడ్’ అనే చిన్న పిట్ట ఉంది. హాడ్జా మనిషి ఈల వేస్తే ఆ పిట్ట బదులిచ్చి, చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ తేనెపట్టు దాకా తీసుకెళుతుంది. మనిషి పొగ పెట్టి పట్టు తీస్తాడు, పిట్ట ఆశ మైనం మీద. నల్లమల చెంచు పెంటల్లో తేనె తీసేవాళ్లను చూసినవాళ్లు పొగ పెట్టడం, ఈగలు కుట్టకుండా చేసే నేర్పు చూసి మురిసిపోతారు. పిట్టతో మాట కలపడం మాత్రం నేను ఇక్కడే చూశాను.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. టూర్ ప్రచారాల్లో హాడ్జాలను ‘రాతియుగపు మనుషులు’ అని, ‘మన పూర్వీకుల జీవితం కళ్లారా చూడండి’ అని రాస్తారు. అది శుద్ధ తప్పు. మన పూర్వీకులు ఓల్డువాయ్ పొరల్లో ఉన్నారు. ఎయాసీలో ఉన్నది మన కాలంవాళ్లే. ఇనుప బాణం ములుకులు ఇరుగుపొరుగు దాతోగా కమ్మరుల దగ్గర తేనె, మాంసం ఇచ్చి తెచ్చుకుంటారు, తమ భూమి కోసం పోరాడి 2011లో యాయిదా లోయలో పత్రాలు సంపాదించుకున్నారు. మరో ఇబ్బంది ఏమిటంటే, టూరిస్టుల డబ్బు వచ్చాక మంగోలా పరిసరాల్లో తాగుడు పెరిగిందని వాళ్లమధ్య పనిచేసిన పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మేం వెళ్లిన ఉదయం మాతోపాటు ఇంకో మూడు బండ్లు వచ్చాయి. ఒకే కుర్రాడు నాలుగు గుంపులకూ నిప్పు రాజేసి చూపించాడు. నాలుగోసారికి వాడి ముఖం చూస్తే నాకు సిగ్గేసింది.

వెళ్తే ఇలా వెళ్లండి: సరస్సు దగ్గర రెండు రాత్రులు ఉండి, ఒక ఉదయం వేటకు కాకుండా ఆడవాళ్లతో దుంపలు తవ్వడానికి పంపమని అడగండి. ఇంటిల్లిపాదికీ తిండి ఎక్కువగా తెచ్చేది వాళ్లే, టూర్లలో చూపించేదేమో మగవాళ్ల వేట. మొన చెక్కిన కట్టెతో బండరాళ్ల మధ్య తవ్వుతుంటే పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు. మధ్యాహ్నం దాతోగా కమ్మరి ఇంటికి వెళ్లండి. మేకతోలు తిత్తులు రెండు చేతులతో మార్చి మార్చి నొక్కుతూ కొలిమి ఊదుతారు. పాత తాళాలు, కుళాయిలు కరిగించి కడియాలు పోస్తారు. మా ఊరి కొలిమి తాతయ్య గుర్తొచ్చి అమ్మ తిత్తి పట్టుకుని కాసేపు ఊదింది, ఆ ఇంటి ఆడవాళ్లంతా చుట్టూ చేరి నవ్వారు. రెండు ప్రయాణాల్లోనూ నాకు మిగిలిన మంచి గంట అదే.

మూడోది, రోడ్డు పక్క మాసాయి బోమా, అంటే వాళ్ల గుడిసెల ఆవరణ. మొదటిసారి మాకు దొరికింది ఇదే. బండి ఆగగానే ఎగిరే నృత్యం, తర్వాత పేడ, మట్టితో ఆడవాళ్లు కట్టిన గుడిసెలోకి పది నిమిషాలు, ఆ తర్వాత పూసల దుకాణం. ఇది వద్దనే చెబుతాను. తప్పు మాసాయిలది కాదు. 1959లో సెరెంగెటి నుంచి వాళ్లను ఖాళీ చేయించి ఎన్‌గోరోంగోరోలో ఉండమన్నారు. లోయలో పుర్రె దొరికిన ఏడాదే అది. 2022 నుంచి ఎన్‌గోరోంగోరో నుంచి కూడా దూరంగా హండేని జిల్లా మ్సోమెరాకు తరలిస్తున్నారు. సాగు చేయకూడదు, పశువులను ఇక్కడ మేపకూడదు, అక్కడ మేపకూడదు అన్నాక టూరిస్టుల ముందు ఎగరడం తప్ప చాలామందికి దారి ఏముంటుంది? పులుల అభయారణ్యం పేరుతో చెంచులను కదిలించే వార్తలు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ డబ్బు మాసాయిలకే అందాలనుకుంటే వాళ్ల దగ్గర ఇంతకంటే మేలైన పని ఉంది, అది ఎంగరూకాలో.

ఎంగరూకా గురించి తెలుగువాళ్లు ఎవరూ చెప్పగా నేను వినలేదు. మ్తో వా మ్బు ఊరి నుంచి నాట్రాన్ సరస్సుకు వెళ్లే దారిలో, రిఫ్ట్ లోయ గోడ కింద ఉంటుంది. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా అక్కడ వేల మంది రాతి కాలువలతో కొండవాగుల నీళ్లు మళ్లించి జొన్న పండించారు. గట్లు పెట్టిన మళ్లు దాదాపు 2,000 హెక్టార్ల మేర కనిపిస్తాయి. తర్వాత ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. వాగులు సన్నబడ్డాయన్నది ఒక వివరణ. కట్టినవాళ్ల వారసులు ఇరాక్వ్ జాతివాళ్లా, సోంజో జాతివాళ్లా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఈనాటి మాసాయి గైడ్లే నడిపించి చూపిస్తారు. రాళ్లు తప్ప ఏమీ ఉండవు, ఎండ మండిపోతుంది, బోర్డులు లేవు. కానీ చెరువు తూము, కాలువ వాటం చూసి పెరిగినవాడికి ఇక్కడ కాలు ఆగిపోతుంది. నీళ్లు ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్నది రాళ్ల వరుసే చెబుతుంది. గైడ్‌తో రెండు గంటలు ఆ మళ్లలో తిరిగాక, ఆయన ఇంటికి టీకి పిలిచాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎగరలేదు, మేం ఎగరమనలేదు.

ఇంకొకటి, కొండోవా రాతి చిత్రాలు. ఇవి 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 150కి పైగా రాతి గుహలు, ఎర్రటి సన్నపాటి మనుషుల బొమ్మలు. కోలో ఊరు నుంచి కొండెక్కాలి. అరూషా నుంచి దొడోమా వైపు వెళ్లే పని ఉంటేనే పెట్టుకోండి, సెరెంగెటి ప్యాకేజీలో ఇరికిస్తే దారిలోనే రోజు అయిపోతుంది.

నా మాట ఇది. సెరెంగెటి వెళ్లే ప్రతివాళ్లూ ఓల్డువాయ్‌ను వదలొద్దు. పిల్లలున్నా, పెద్దవాళ్లున్నా దానికే నా ఓటు. ఒక పూర్తి రోజు చేతిలో ఉంటే, నడవగలిగితే ఎంగరూకా. ఎయాసీ మూడో స్థానం. రెండు రాత్రులు ఉండే ఓపిక ఉంటే మాత్రం దాన్ని మొదటికి తెస్తాను. ఒకే ఉదయం పరుగెత్తి ఫొటోలు తీసుకుని రావడానికైతే దయచేసి వెళ్లకండి. బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఆ ఉదయం ఒక కుటుంబం దగ్గరికి ఎన్ని బండ్లు వెళ్తాయి, మేం కట్టే డబ్బులో వాళ్ల చేతికి వెళ్లేది ఎంత. మొదటి ప్రయాణం బుక్ చేసిన సంస్థ ఈ రెండో ప్రశ్నకు మాట దాటేసింది. రెండోసారి మరో చోట ఇవే అడిగితే, ఆ అమ్మాయి కాగితం తీసి లెక్క రాసి చూపించింది. మేం అక్కడే డబ్బు కట్టాం.