వలలో పడ్డవాటిని ఎలా విడదీయాలి: చోటుతోనా, వెన్నెముకతోనా, శరీర నిర్మాణంతోనా?

కాకినాడ, నరసాపురం వైపు సముద్రపు వల విప్పితే సొర, రొయ్య, పీత, స్క్విడ్, జెల్లీఫిష్ ఒకే కుప్పలో కనిపిస్తాయి. ఇంటర్ జంతుశాస్త్రం చదివే పిల్లలకు వర్గీకరణ నేర్పడానికి ఆ కుప్పే చాలు. విడదీసే పద్ధతి ఏదన్నదే ప్రశ్న.

బతికే చోటును బట్టి అంటే వెంటనే చిక్కొస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదావరికి ఎదురెక్కాక పులస, చేప ఒక్కటే. కోరింగ మడ అడవుల బురదలో గెంతే మడ్‌స్కిప్పర్ మొప్పలున్న చేప. నీళ్లు వదలని డాల్ఫిన్ పాలిచ్చే జంతువు. ఈ పద్ధతిని వదిలేయవచ్చు.

వెన్నెముక ఉందా లేదా అన్నది ఆరో తరగతికి చాలు, త్వరగా తేలుతుంది. కానీ తెలిసిన జంతు జాతుల్లో వెన్నెముక ఉన్నవి నూటికి అయిదు దాకానే. మిగతా తొంభై అయిదునూ ఒకే సంచిలో కట్టేసినట్టవుతుంది. పైగా ఒక అవయవం లేకపోవడం చుట్టరికానికి రుజువు కాదు. నక్షత్ర చేపకు వెన్నెముక లేకపోయినా అది రొయ్యకన్నా మనకే దగ్గర: పిండంలో మొదట ఏర్పడే రంధ్రం మనలోనూ, దానిలోనూ మలద్వారం వైపుకే వస్తుంది.

అందుకే మా ఓటు శరీర నిర్మాణానికి. అయితే ప్రశ్నల వరుస తప్పితే ఇదీ మోసం చేస్తుంది. చాలామంది సౌష్ఠవంతో (దేహం సమభాగాలుగా అమరిన తీరుతో) మొదలుపెట్టి, గుండ్రంగా ఉన్నాయని జెల్లీఫిష్‌నీ నక్షత్ర చేపనీ ఒక జట్టులో వేస్తారు. నక్షత్ర చేప డింభకం (పిల్ల దశ) మాత్రం ద్విపార్శ్వ సౌష్ఠవంతోనే, అంటే కుడి ఎడమలు ఒకేలా ఉండి పుడుతుంది, అయిదు భాగాల రూపం పెద్దయ్యాక వచ్చేది. కాబట్టి ముందు ఆహారనాళం చూడండి. జెల్లీఫిష్‌కు తినడానికీ విసర్జించడానికీ ఒకటే ద్వారం, దేహభిత్తిలో రెండే కణపొరలు. దాన్ని చేత్తో పట్టుకోవద్దు. చచ్చాక కూడా కుట్టుకణాలు పేలతాయి.

తర్వాత కాళ్లకు కీళ్లున్నాయా, దేహం ఖండాలుగా ఉందా చూడాలి. వానపాముకు ఖండాలున్నాయి, కీళ్ల కాళ్లు లేవు, కాబట్టి అనెలిడా అనే వర్గం. జలగా అంతే, దానికి 33 ఖండాలు, రెండు చివర్లా అంటుకుపోయే చూషకాలు. రొయ్యకు రెండూ ఉన్నాయి: తలకు 5, ఉరానికి (ఛాతీ భాగానికి) 8, ఉదరానికి 6, మొత్తం 19 జతల ఉపాంగాలు (మీసాలు, కాళ్ల లాంటివి). పెంకు సాగదు గనుక అది కుబుసం విడిచే పెరగాలి. చెరువులో మెత్త రొయ్య కనిపించడం, తోటి రొయ్యలు దాన్ని తినేయడం ఆ సమయంలోనే. పీతను వెల్లకిలా తిప్పితే ఉదరం ఛాతీ కింద మడతపడి ఉంటుంది. మగదానికి సన్నగా, ఆడదానికి వెడల్పుగా. రొయ్యకూ పీతకూ నడిచే కాళ్లు అయిదు జతలే, అందుకే రెండూ ఒకే క్రమంలోవి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. టైగర్, వనామీ రొయ్యలకు మొదటి మూడు జతల కాళ్లకూ చిన్న చిమటాలుంటాయి. గోదావరి నీలకంఠ రొయ్యకు రెండు జతలకే. పక్క పలకలు చూసినా తేలుతుంది: నీలకంఠకు ఉదరంలో రెండో ఖండం పలక ముందుదాన్నీ వెనకదాన్నీ కప్పుతుంది, టైగర్‌కు మొదటిది రెండోదాన్ని కప్పుతుంది. నీలకంఠ ఆడది గుడ్లు ఉదరం కింద మోస్తుంది, టైగర్ నీళ్లలోకి వదిలేస్తుంది. తల తీసిన రొయ్య తెచ్చుకుంటే పలకలు తప్ప చిమటాలు చూడలేరు, తలతోనే కొనండి.

ఖండాలు లేకుండా మెత్తని దేహం, దాన్ని కప్పే ప్రావారం అనే పొర ఉంటే మొలస్కా వర్గం. గుల్లకు రెండు చిప్పలు, నత్తకు ఒకటి. స్క్విడ్‌కు బయట చిప్ప కనబడదని తికమకపడొద్దు; వీపువైపు చీలిస్తే లోపల పారదర్శకమైన, ఈకలాంటి పలక దొరుకుతుంది.

వెన్నెముకను చివరి ప్రశ్నగా పెట్టుకోండి, అప్పుడది బాగా పనికొస్తుంది. పులసకు మొప్పలపై మూత, ఎముకల అస్థిపంజరం. సొరకు మూత లేని మొప్ప చీలికలు పక్కన 5 నుంచి 7 దాకా, అస్థిపంజరం మృదులాస్థి, అంటే వంగే మెత్తని ఎముకలాంటిది. తోకవైపు నుంచి తలవైపు చేత్తో రాస్తే సొర చర్మం గరగరలాడుతుంది.