అంజునా బుధవారం సంత: బోణీ నుంచి కొసరు దాకా

గోవాలోని అంజునా బీచ్ దక్షిణపు కొసన ఈ సంత బుధవారాల్లోనే ఉంటుంది. వానాకాలంలో ఉండదు. డిసెంబరు, జనవరిల్లో నిండుగా ఉంటుంది. 1970ల్లో హిప్పీలు చేతిఖర్చుల కోసం సొంత సామాన్లు అమ్ముకోవడంతో మొదలైందంటారు కానీ, ఇప్పుడు పాత సామాన్ల జాడ తక్కువే. టీషర్టులు, చలవ కళ్లద్దాలు చార్మినార్ దగ్గరా దొరుకుతాయి, వాటికోసం ఎండలో నిలబడకండి.

చూడాల్సింది అద్దాల పని. అమ్మే ఆడవాళ్లలో చాలామంది కర్ణాటక లంబానీలు. మన తండాల్లో వినపడే గోర్ బోలీయే వాళ్లదీ. సంచి కొనేముందు లోపలి వైపు తిరగేయండి. చేతికుట్టయితే అద్దం చుట్టూ దారం అడ్డదిడ్డంగా తిరిగి, ముడులు కనిపిస్తాయి. మిషను కుట్టు గీత గీసినట్టు ఒకే తీరుగా ఉంటుంది. లోపల అస్తరు వేసి కుట్టేస్తే పని కనపడదు, అలాంటిది వదిలేయండి. అద్దాన్ని గోరుతో నొక్కితే గాజు కదలదు, ప్లాస్టిక్ రేకు వంగుతుంది.

వెండి దగ్గర అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి. రాగి, నికెల్, జింకు కలిసిన జర్మన్ సిల్వర్‌కీ అయస్కాంతం అంటదు. 92.5 శాతం వెండి అని చెప్పే 925 ముద్ర ఎవరైనా కొట్టొచ్చు. అందుకే ఫ్యాన్సీ నగ ధరకి వస్తేనే తీసుకోండి, తూకం లెక్కన వద్దు.

బేరానికి రెండే మంచి వేళలు: పొద్దున బోణీ, సాయంత్రం మూటలు కట్టేటప్పుడు. 1,200 అంటే 400 దగ్గర మొదలుపెట్టి 550, 600 మధ్య ఆగండి. కొనే ఉద్దేశం లేకపోతే అసలు రేటే అనకండి, ముఖ్యంగా బోణీ వేళ. మీరన్న రేటుకే ఇస్తానన్నాక వెనక్కి తగ్గితే తిట్లు ఖాయం. కొసరు బేరం తెగాకే అడగాలి. 50, 100 నోట్లు దగ్గరుంచుకోండి. 350కి తెగిన బేరానికి 500 నోటు తీస్తే, చిల్లర లేదంటూ మిగతా 150కీ ఇంకేదో అంటగడతారు.

బసకి సీజన్‌లో అంజునా కంటే దగ్గర్లోని మాపుసా పట్నం లాడ్జీలు నయం. సముద్రం కనపడదు, జేబు మిగులుతుంది. అక్కణ్ణుంచి బస్సులున్నాయి. స్కూటర్ అద్దెకి తీసుకుంటే నల్ల నంబరు ప్లేటుపై పసుపు అక్షరాలున్నదే అడగండి. తెల్ల ప్లేటు బండి అద్దెకి తిప్పకూడదు. పోలీసులు ఆపితే ఇబ్బంది మీకే.

రెండ్రోజులు ఆగగలిగితే మాపుసా శుక్రవారం సంత చూడండి. జీడిపప్పుకి అంజునా కంటే అదే మేలు. డబ్ల్యూ-240 రకం అంటే పౌండుకి (దాదాపు 454 గ్రాములకి) 220 నుంచి 240 గింజలు, డబ్ల్యూ-320 అంతకంటే చిన్నది. పలాస పప్పు తిన్న నోటికి వేరే చెప్పక్కర్లేదు: ఒకటి విరిచి చూడండి, టక్కుమనాలి. వంగితే చెమ్మెక్కిన సరుకే.