ఎం.ఎడ్‌లో పర్యావరణ విద్య పేపరు తీసుకోవచ్చా?

చంద్రగిరి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు సైన్స్ చెప్పి, ఆ ఉద్యోగం మానుకుని తిరుపతిలో ఎం.ఎడ్ చేశాను. కాలేజీ పేరు రాయను. ఎలక్టివ్‌గా పర్యావరణ విద్య తీసుకున్నాను. తీసుకోమంటావా అక్కా అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. తీసుకోండి, కానీ ఈ సంగతులు తెలుసుకుని తీసుకోండి.

సిలబస్‌కు వంక పెట్టలేను. 1977లో జార్జియాలోని తిబిలిసిలో జరిగిన సదస్సు పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలు పెట్టింది: అవగాహన, జ్ఞానం, వైఖరి, నైపుణ్యాలు, భాగస్వామ్యం. మొదటి యూనిట్ అంతా దీని చుట్టే తిరుగుతుంది. మేడమ్ ఓపిగ్గా చెప్పారు. మెటీరియల్ మాత్రం అంతా ఇంగ్లీషు జిరాక్సులే. రేపు తెలుగులో పాఠం చెప్పాల్సినవాళ్లం, ఒక్క మంచి తెలుగు నోట్సు లేదు. చివరి రెండు లక్ష్యాల కోసం మమ్మల్ని గది దాటించింది రెండేళ్లలో ఒక్క రోజు. కిటికీలోంచి చూస్తే శేషాచలం కొండలు, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించినవి. వాటిని ఎదురుగా పెట్టుకుని ఐదు మాటలు వరస తప్పకుండా రాయడం బట్టీ పట్టామే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ ఒక్క రోజు తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఆపారు. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెండూ కలిసే గీత మీద అరచెయ్యి పెట్టి చూడమ్మా అన్నారు సారు. ఈ రాయికీ ఆ రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల కాలానికి ఇక్కడ ఆనవాలే లేదట. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు ఆ దారిలో బస్సెక్కి పోయుంటానో! చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఇక డిసర్టేషన్, అంటే కోర్సులో భాగంగా మనం చేసి రాసే పరిశోధన. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మా బ్యాచ్‌లో ఎక్కువమంది తీసుకున్నది 'తొమ్మిదో తరగతి విద్యార్థుల్లో పర్యావరణ అవగాహన'. ఒక ప్రశ్నావళి, 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' దాకా టిక్కు పెట్టడానికి ఐదు గడులు, ఆడపిల్లలు మగపిల్లలు అని విడగొట్టి ఒక టీ-టెస్టు, అంటే రెండు గుంపుల సగటుల మధ్య తేడా లెక్కలోకి వచ్చేదేనా అని చూసే పద్ధతి. చెట్లను కాపాడాలి అన్న వాక్యానికి ఒప్పుకోను అని ఏ పిల్లవాడు టిక్కు పెడతాడు? అది కొలిచేది వైఖరిని కూడా కాదు, టీచరుకు ఏ జవాబు నచ్చుతుందో పిల్లలకు ఎంత బాగా తెలుసో దాన్ని.

నేను మా గైడ్ మేడమ్‌ను బతిమాలి వేరే పని పెట్టుకున్నాను. పాత స్కూలు పిల్లలతో స్వర్ణముఖి ఒడ్డున ఒక రైతు బావిలో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి నీటిమట్టం కొలిపించాను. తాడుకు మీటరుకో ముడి వేసి, చివర రాయి కట్టి దించేవాళ్లు. పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి పైన పొడిగా ఉన్న ముళ్లు లెక్కపెట్టేవాళ్లు. మొదట పదకొండు ముళ్లు పొడి. ఈశాన్య రుతుపవనాల వానలు పడి ఏటిలో నీళ్లు పారాక డిసెంబరులో నాలుగే. ఒకమ్మాయి అడిగింది: "మిస్, ఇసుకంతా తోలుకుపోతే ఈ నీళ్లు ఎక్కడ నిలుస్తాయి?" ఆ ప్రశ్న ఏ ప్రశ్నావళిలోనూ రాదు. ఏటి ఇసుక నీటిని పట్టి ఉంచి మెల్లగా బావులకు దించుతుందని నేను చెప్పకముందే వాళ్లకు తెలిసిపోయింది.

వైవాలో బయటి ఎగ్జామినర్ శాంపిల్ తక్కువన్నారు. మార్కులు కూడా తగ్గాయి. అయినా మళ్లీ చేయాల్సి వస్తే ఇదే చేస్తాను.

చేరేముందు రెండు విషయాలు కనుక్కోండి. ఫీల్డ్ పని ఎన్ని రోజులు, ప్రశ్నావళి లేని డిసర్టేషన్‌కు ఒప్పుకునే గైడ్ ఉన్నారా. టాపిక్ పేరు ఇచ్చే గడువుకు నెల ముందే వెళ్లి మాట్లాడండి, ఆఖరి వారంలో అడిగితే ఎవరూ వినరు. తాడు ఆ స్కూల్లోనే వదిలేసి వచ్చాను, కావాలంటే అడిగి తీసుకోవచ్చు.